మిగిలిన మూడు మార్కులు

నారిన్ కొండల్లో ఆన్‌లైన్ పింఛను మీద సర్వేకొచ్చిన అమ్మాయికి దిగులు పట్టుకుంది. ఎలా ఉందని అడిగితే ఊరు ఊరంతా అయిదుకు అయిదు మార్కులే వేసింది; ఒక్క లోపమూ చెప్పలేదు. ఆఖరి ఇంటి అవ్వ గిన్నెనిండా గుర్రపుపాలు పోసిచ్చింది.

"అయిదు రాసుకో తల్లీ. ముందు తాగు."

"అంత బాగుందా అవ్వా?"

"గడప తొక్కిన మనిషి చేతిలో రెండు మార్కులు పెట్టి పంపుతామా? పరువు పోదూ!"

"సరే, మార్కులొద్దు. దరఖాస్తు ఎలా పెట్టావో చెప్పు."

"ఇక్కడ సిగ్నలుండదు. ఫోన్‌కి ఆ ఓటీపీ నంబరు రావాలంటే గుర్రమెక్కి ఆ గుట్ట మీదికి పోవాలి. దిగొచ్చి బడిలో కంప్యూటర్లో కొడితే, గడువైపోయిందంటుంది. నాలుగుసార్లు ఎక్కాను. గుర్రం నా మొహం చూడ్డం మానేసింది."

"ఎంతసేపుంటుందా నంబరు?"

"అయిదు నిమిషాలు. దిగడానికే పావుగంట."

అమ్మాయి గబగబా రాసుకుంది.

"ఏం రాశావ్?"

"నంబరు గంటసేపు ఉండాలని."

"వింటారా ఆ పింఛను ఆఫీసువాళ్ళు?"

"పక్క లోయవాళ్ళు అక్షరాలు కనబడట్లేదన్నారు. నెల తిరక్కుండా పెద్దవి చేశారు."

అవ్వ ఆ కాగితం మీద వేలు పెట్టింది.

"అయితే అయిదొద్దు, రెండే వెయ్యి. మిగతా మూడూ నా దగ్గరే ఉంటాయి. గుర్రం ఒక్కసారి ఎక్కితే పనైపోయిన రోజున వచ్చి పట్టుకెళ్ళు."