తాళం వేసిన ఫైలు

అగ్రికో కాలనీలోని కంపెనీ క్వార్టర్‌లో తండ్రి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కూతురు ఎంత వెతికినా అందులో పాత ఫైళ్లు ఒక్కటీ కనిపించడం లేదు.

“ఏటి డౌన్‌లోడ్ సేసినావు నాన్నా?”

“మీ అమ్మ పాటలో గరగర పోగొట్టే సాఫ్ట్‌వేరమ్మా. ఇంటర్నెట్‌లో ఊరికే ఇత్తన్నారు.”

“దాంతోటే వైరస్ వచ్చేసింది. యాంటీవైరస్ పట్టుకోలేదా?”

“లేదు. పాస్‌వర్డ్ ఏసున్న ఫైలు కదా, తాళముంటే భద్రమే అనుకున్నాను. ఆ పాస్‌వర్డ్ కూడా పక్కనే రాసినారు.”

“హే భగవాన్! తాళమేస్తే లోపలేటుందో యాంటీవైరస్‌కి కనబడదు నాన్నా. అందుకే ఏసినారు.”

“అమ్మ పోయాక ఆ గొంతు ఇంకెక్కడా లేదే తల్లీ. ఏదోటి సెయ్యి.”

“ఇంకో కాపీ దాసినానన్నావు కదా? సీడీ ఎక్కడుంది?”

ఆయన ఖాళీ తెర వైపే చూస్తున్నాడు.

“సీడీ కాదమ్మా. ఈ కంప్యూటర్లోనే దాసినాను, పదిలంగా తాళమేసి.”