తోకచుక్క కింద పుట్టని పిల్ల

“మెనెగా, మంత్రసాని, వయసు అరవై ఒకటి. వీధిలో నడుస్తూ తనలో తాను మాట్లాడుకుంటుంది.”

ఇంతేనా పాదిరిగారూ? ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ ఇసుకదిబ్బ మీద పుట్టిన ప్రతి పిల్లనీ పిల్లాణ్ణీ ఈ చేతుల్తో పట్టానే, నా గురించి మీ కలానికి దొరికిన మాట ఇదా? ఆ, మాట్లాడుకుంటాను. ఎవరితో మాట్లాడమంటారు? మగాళ్లు సముద్రం మీద. ఆడాళ్లు లేసు అల్లే దిండు మీద వంచిన తల ఎత్తరు. మీరేమో బిషప్పుగారికి ఉత్తరాలు రాసుకుంటారు.

సరే, ఉంచండి. కొట్టెయ్యకండి. కానీ మిగతాది మళ్లీ చదవండి. మొదట్నించీ. కింద సాక్షిగా నాచేత శిలువ గుర్తు పెట్టించుకుంటానంటున్నారు కదా, దేనికి పెడుతున్నానో నాకు తెలియాలా వద్దా? చదువు రాదు గానీ చెవులున్నాయి.

“పదహారు వందల పద్దెనిమిదో ఏట జరిగిన విశేషాలు.” ఊఁ. కానివ్వండి.

మార్చిలో వెనిస్ ఏలిక దోజెగారు పోయారు. ఆయన కుర్చీ ఎక్కిన రెండో ముసలాయన నెల రోజులకే పోయాడు. ఇప్పుడు మూడో ఆయన. ముగ్గురి వంశాలూ బిరుదులూ రాశారు, బాగుంది.

మే నెలలో వెనిస్ నడిబొడ్డున పియాజ్జా మైదానంలో ఒంటికాలితో తలకిందులుగా వేలాడదీసిన శవాలు. స్పెయిన్ వాళ్ల కుట్ర. ఆ రోజు చేపలమ్మడానికి పోయిన మా మరిది చూశాడు లెండి, వారం రోజులు అన్నం ముట్టలేదు.

అదే నెలలో ప్రాగ్ కోట కిటికీలోంచి ముగ్గురు పెద్దమనుషుల్ని కిందికి విసిరేశారు, ముగ్గురూ బతికారు. దేవమాత చేతులు చాచి పట్టుకుందని మీరు రాశారు. పడవలవాళ్లేమో కింద పెంటకుప్ప ఉందని చెప్పుకుని నవ్వుతున్నారు. ఏదైతేనేం, అరపేజీ పట్టింది వాళ్లకి. పడ్డవాళ్లు ముగ్గురు! ఈ ఏడు నా చేతుల్లో పడ్డవాళ్లు ముప్పై ఏడుగురు నాయనా. ఒక్కరూ జారిపోలేదు. వాళ్లకి ఎన్ని గీతలు రాశారు?

నవ్వకండి. నవ్వడానికి రాలేదు నేను.

సెప్టెంబరులో కొండ విరిగిపడి పియూరో ఊరు ఊరంతా మట్టిలో కలిసిపోయింది. పట్టు వర్తకుల మేడలు ఎన్ని పోయాయో లెక్కగా రాశారు. ఆ మేడల్లో ఆ వేళ ఎంతమంది కడుపుతో ఉన్నారో మీకు ఉత్తరం రాసినాయన రాయలేదా? లేదా. నా బుద్ధి అటే పోతుంది, ఏం చెయ్యను.

ఆ తర్వాత “గొప్ప జననాలు.” అధికారిగారింట మగబిడ్డ. ఆ పూట గంటలు మోగించారు, నాకు తెలుసు, లోపల ఉన్నది నేనేగా. మూడు రోజుల నొప్పులు. దుప్పటి కొరికి కొరికి ఆవిడ పెదవి చీల్చుకుంది. ఆవిడ పేరేం రాశారు? మళ్లీ చదవండి. “అధికారిగారి భార్య.” ఆవిడకి పేరు లేదా పాదిరిగారూ? బియాంకా. రాయడం ఏమంత కష్టం?

పాత పుస్తకం తియ్యండి ఓసారి. మీరు పుట్టిన ఏడు. తియ్యండి, పర్లేదు, దుమ్మేగా. చూశారా? ఫాంతీన్, ఫలానా వలలవాడి కొడుకు. మీ అమ్మ ఉందా అందులో? మీరు అడ్డం తిరిగితే నేను మోచెయ్యి దాకా పెట్టి తిప్పాను. అప్పుడు మీ అమ్మ అరిచిన అరుపు అవతలి గట్టున ఉప్పు మడుల దాకా వినపడింది. ఆవిడ పేరు బియాసియా. పుస్తకాన్ని అడిగితే ఆ పేరు గల మనిషే ఈ ఊళ్లో పుట్టలేదంటుంది.

సరే, నేను దానికీ రాలేదు. చివరి పేజీ చదవండి.

“వింతలు, దైవ సూచనలు.” అందులో మొదట మూడు తోకచుక్కలు. సరే, అవి అందరం చూశాం. మూడోది ఇంకా ఉంది, తెల్లవారుజామున, చీపురంత తోక. దాని కింద? చదవండి. గొంతు తగ్గించకండి.

“ఆ నక్షత్రం ఉదయించిన ఘడియలోనే, తండ్రి లేని ఒక శిశువు నెత్తిన పొరతో, వలల కొట్టంలో జన్మించెను.”

తండ్రి లేని!

పాదిరిగారూ, ఆ పిల్లకి ఒక పేరుంది. వాళ్లమ్మ కత్తరూజ్జా జుస్తీనా అని పిలుస్తోంది. ఎంత అని చెప్పను, ఇదిగో, నా మోచేతి నుంచి వేళ్ల దాకా ఉంటుంది. ఆకలేస్తే ఏడుస్తుంది. ఎడమ చెవి కొంచెం మడత పడింది. ఇంతకు మించి ఆ పిల్లలో వింత లేదు. మీరేమో ఇరవై రెండు రోజులుగా జ్ఞానస్నానం ఆపారు. బిషప్పుగారి జాబు రావాలి అంటారు. ఈ కాగితం రేపు పొద్దున బిషప్పుగారుండే కియోజ్జాకి పడవెక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. ఎవరో నల్ల అంగీ ఆయన విచారణకి వస్తాడు. ఆ పదిహేడేళ్ల పిల్లని కూర్చోబెట్టి ఎవడితో పడుకున్నావు, మనిషితోనా, మరి దేనితోనైనా అని అడుగుతాడు. బిడ్డని తీసుకుపోతాడు. తల్లికి పాలు గడ్డకట్టి జ్వరం వస్తే నన్నే పిలుస్తారు.

జుస్తీనాని ఆ పేజీలోంచి తీసి ఈ పేజీలో పెట్టండి. జననాల్లో. అధికారిగారి కొడుకు పక్కన వద్దు, మా చేపలవాళ్ల పిల్లల కింద. నాకు కావలసింది అంతే.

ఏంటి? సాక్ష్యం కావాలా?

సాక్ష్యం నేనే. ఆ పిల్ల తోకచుక్క కింద పుట్టలేదు. పోయిన నెల సాంత కాతెరీనా పండగ నాడు మిట్టమధ్యాహ్నం పుట్టింది. బయట పొగమంచు, ఆకాశమే లేదు. తల బయటపడుతుండగా గంట మోగింది. ఆ గంట కొట్టింది మీరు! ఆ రోజు ఆలస్యంగా కొట్టారు, అదీ గుర్తుంది నాకు. పండగ పూట ఈల్ చేపల కూర ఎక్కువ తిన్నట్టున్నారు, పన్నెండింటిలో రెండు దెబ్బలు తప్పారు. అది విని కత్తరూజ్జా ఆ నొప్పుల్లోనూ నవ్వింది.

నవ్వింది పాదిరిగారూ. నాకు అదే ముల్లులా ఉంది.

మరి చుక్క మాట ఎవరన్నారంటే... ఊళ్లో ఆడాళ్లు అన్నారు. ఆఁ, వాళ్లకెవరు చెప్పారు అనేగా. మీరు అడుగుతారని తెలుసు. వాళ్లకి నేనే చెప్పాను.

కాస్త ఆ మంచినీళ్లు ఇటివ్వండి.

మర్నాడు తెల్లవారుజామున వీధంతా శాలువాలు కప్పుకుని ఆకాశం చూస్తోంది. అంతదాకా తల్లీబిడ్డల దగ్గరే ఉన్న నేను కొట్టంలోంచి రక్తం బట్టల బుట్టతో బయటికొచ్చాను. అందరూ మూగారు. “ఎవరి పేరు చెప్పిందే, మెనెగా? ఎవరి పేరు?” ఆ ఒక్కటే ప్రశ్న. చెయ్యెత్తి ఆ తోక చూపించాను. “ఇప్పుడే పుట్టింది, దాని కింద. ఇలాంటి బిడ్డకి తండ్రి ఎవరని అడుగుతారేమిటే” అన్నాను. అంతే. నోళ్లు తెరుచుకుని శిలువ గుర్తులు వేసుకున్నారు. పేరు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తెలివిగా తప్పించుకున్నాననుకున్నాను. సాయంత్రానికి ఆ మాట మీ గుమ్మం తొక్కింది.

ఎందుకన్నానా?

మీ ముందున్న పాదిరి నా చేత ప్రమాణం చేయించాడు, మీకు తెలుసు. పెళ్లికాని పిల్ల కాన్పయితే, నొప్పులు బాగా ముదిరినప్పుడు తండ్రి పేరు అడగాలి. చెప్పేదాకా చెయ్యి వెయ్యకూడదు. ఆ బాధలో ఆడది అబద్ధమాడదట. ఎప్పుడూ కనని వాడు కనిపెట్టిన మాట. కానీ చేశాను. ఇన్నేళ్లలో పద్దెనిమిది మందిని అలా అడిగాను. పద్దెనిమిది పేర్లు తెచ్చి ఈ బల్ల మీద పెట్టాను. కొందరికి పెళ్లిళ్లు జరిగాయి, కొందరికి పాల ఖర్చు ముట్టింది. పిల్లలకి మేలే కదా అని నిద్రపోయాను.

కత్తరూజ్జాని అడగక్కర్లేకపోయింది. నా కళ్లలోకి చూస్తూ తనే చెప్పింది.

“మీ బోర్తొలో, అమ్మా.”

ఆఁ. నా కొడుకు. కోర్ఫూ దీవికి పోయే ఓడ ఎక్కాడు చూడండి, ఈ నెల మొదట్లో. ఆ వారమే ఎక్కాల్సింది. పేరు పైకొస్తే ఓడ ఎక్కనివ్వరు, ఈ గుడి మెట్ల మీద నిలబెట్టి ఉంగరం తొడిగిస్తారు. కాన్పుకి ముందు రోజే నా వంటింట్లో వేయించిన చేపలు తింటూ ఏడ్చాడు. ముప్పై ఏళ్ల మగాడు, ముళ్లు ఏరుకుంటూ ఏడ్చాడు. “అమ్మా, నువ్వుంటావుగా లోపల” అన్నాడు.

ఉన్నాను. ఏం చేశానో చెప్పనా? ఇది ఎవరికీ చెప్పలేదు. నడుస్తూ నాలో నేను మాట్లాడుకునేది ఇదే.

చేతులు వెనక్కి తీశాను పాదిరిగారూ. పిల్ల తల వచ్చేసింది, కత్తరూజ్జా ఒళ్లంతా చెమటతో వలలు పట్టుకుని వేలాడుతోంది. నేను చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. “ఎవరో తెలీదు అను” అన్నాను. తల అడ్డంగా ఊపింది. “అంటేనే చెయ్యి వేస్తాను” అన్నాను. అప్పుడే మీ గంట. దెబ్బలు తప్పాయి. అది నవ్వింది, పిచ్చిగా. నవ్వుతూనే “తెలీదు” అంది.

అప్పుడు చెయ్యి వేశాను.

పిల్ల తలకి అంటుకుని వచ్చిన పొర గురించి రాశారుగా, బిషప్పుగారి మనిషి వస్తే చూపించమంటాడు. లేదు. పొర ఉన్నవాణ్ణి సముద్రం ముంచదని మనవాళ్ల నమ్మకం. అది పుట్టిన పిల్లకి చెందాల్సింది. నేను ఆరబెట్టి నా కొడుకు చొక్కా అంచులో కుట్టి పంపాను. వాడి కూతురి దగ్గర అదొక్కటే ఉంది. అదీ వాడికే ఇచ్చాను.

అలా చూడకండి. మీరు రాసిన రాజుల కంటే ఘోరం ఏమీ కాదు నేను. వాళ్లూ తమ కొడుకుల కోసమే చేస్తారు.

కలం తియ్యండి. కొత్త గీత. ముందు తల్లి పేరు రాయండి, కత్తరూజ్జా. లేసు అల్లుతుందని కూడా రాయండి, మంచి పనిమంతురాలు. బిడ్డ జుస్తీనా. మధ్యాహ్నం గంట వేళ, పొగమంచులో. తండ్రి బోర్తొలో, మంత్రసాని మెనెగా కొడుకు. రాశారా? చదవండి.

ఊఁ. శిలువ ఎక్కడ పెట్టాలి, ఇక్కడా?

మెనెగా ఆ తర్వాత తొమ్మిదేళ్లు కాన్పులు చేసింది. పెళ్లికాని తల్లిని తండ్రి పేరు అడగడానికి, బిడ్డ ఏడ్చి, తల్లి నీళ్లు తాగేదాకా ఆగింది. అలా ప్రమాణం తప్పినందుకు రెండుసార్లు జరిమానా కట్టింది.