అయస్కాంతం పీకేసిన కారు

సెలూన్ మామ కత్తెరతో కోసేది తక్కువ, నోటితో కోసేది ఎక్కువ. కుర్చీలో కూర్చున్నవాడికి మెడచుట్టూ గుడ్డ, మొహం నిండా నురగ. లేచి పారిపోయే దారి ఉండదు, వినాల్సిందే.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ కుర్చీలో కూర్చున్నది బస్సు డ్రైవరు. ఎవరూ పట్టి కూర్చోబెట్టలేదు, కావాలనే వచ్చాడు. ఆయనకో అవసరం పడింది.

సెలూన్ పైగదిలో బల్లల మీద స్లాట్ కార్ల ట్రాకు పరిచి ఉంటుంది. అరచేతిలో పట్టే బుల్లి కార్లు. కారు ముక్కు కింద చిన్న నాలుకలాంటిది ట్రాకు గాడిలో దిగుతుంది, చేతిలో మీట నొక్కితే కరెంటుకి కారు ఉరుకుతుంది. ఇన్నాళ్ళూ కారు పొట్ట కింద ఉన్న అయస్కాంతమే దాన్ని ట్రాకుకి అదిమి పట్టేది. అందుకని ఎవడు ఎంత నొక్కినా చెల్లిపోయింది. ఆ సాయంత్రం పోటీకి మాత్రం అయస్కాంతాలు పీకేసి రావాలన్నారు. పొద్దున డ్రైవరు తన ఎర్ర కారుకి పీకేసి చూసుకున్నాడు. మొదటి మలుపులోనే వెనక భాగం గిర్రున తిరిగి, కారు ఎగిరి బావమరిది టీ గ్లాసులో పడింది.

"అంత పెద్ద బస్సు ఎలా తిప్పుతున్నావు బావా? పాపం, ఎక్కినవాళ్ళు!" అన్నాడు బావమరిది, నలుగురూ వింటుండగా. ఆ మాట డ్రైవరుకి ముల్లులా గుచ్చుకుంది.

ఆ బావమరిది, పక్క కొట్లో టైలరు, ఇప్పుడు సెలూన్ బెంచీ మీదే కాళ్ళూపుకుంటూ కూర్చున్నాడు.

"మామా, పోయినేడు పొరుగూరి పోటీలో నువ్వు అయస్కాంతం లేకుండానే గెలిచావటగా?" అన్నాడు డ్రైవరు, ఏదో మాటవరసకి అడిగినట్టు.

"అదెంత పని అల్లుడూ!" మామ బ్రష్ పక్కన పెట్టాడు. "అయస్కాంతం పీకేశానా, కారు ఎండుటాకులా తేలికైపోయింది. అప్పుడేం చేశానో తెలుసా? సీసం ముక్కని రేకులా సాగ్గొట్టి, పొట్ట కింద, నేలకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా, కాస్త ముక్కువైపు జరిపి అంటించా. బరువు కిందుంటే బండి పొర్లదు, నీకు చెప్పాలా! ఆ తర్వాత వెనక టైర్లు. కొత్తవి గుండ్రంగా ఉంటాయనుకుంటాం గానీ, ఉండవు. గరుకు కాగితం మీద పెట్టి తిప్పుతూ అరగదీశా, రెండూ సమంగా నేలని కరిచేదాకా."

డ్రైవరు నురగ చాటున ఊపిరి బిగబట్టి విన్నాడు. టాపు మీద సామాను ఎక్కువైతే మలుపులో బస్సు ఎలా ఒరుగుతుందో ఆయనకి తెలుసు. ఇది కోత కాదు.

"ఇంకా?"

"ఇంకేముంది, పై డొప్ప బిగించే స్క్రూలు కాస్త వదులు చేశా. డొప్ప దాని మానాన అది ఊగుతుంది, చక్రాలు నేలని వదలవు."

టైలరు పకపకా నవ్వాడు. "స్క్రూలు వదులు చేస్తే బండి బాగా పోతుందా? చెవిలో పువ్వులు పెట్టడానికి మా బావే దొరికాడా మామా?"

ఆ నవ్వుకి మామకి రోషమొచ్చింది. నిజం చెబితే నవ్వుతున్నారు, ఇంక నిజంతో పనేముంది అనుకున్నాడేమో, కత్తిని తోలుపట్టీ మీద సర్రుసర్రున నూరి అందుకున్నాడు.

"నవ్వు నాయనా, నవ్వు. ఆ రోజు నవ్వినవాళ్ళ కార్లన్నీ గోడకి కొట్టుకుని వెల్లకిలా పడ్డాయి. నాది మాత్రం మలుపుల్లో నూనె పోసినట్టు జారిపోతోంది. మీట వదిలేసి నేను టీ తాగుతున్నా, అయినా ఆగదే! ఎంత జోరంటే, చుట్టూ తిరిగొచ్చి తన వెనక నంబరు తనే చూసుకుని, ముందుపోయే బండి ఎవడిదిరా అని హారను కొట్టింది."

"బుల్లికారుకి హారనెక్కడిది మామా?"

"అప్పటిదాకా లేదు, కోపమొచ్చాక మొలిచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తనని తనే దాటబోయింది. దాటబోయి గుద్దుకుంటే ఇంకేమన్నా ఉందా? అందుకని కిటికీలోంచి దూకి, రోడ్డునపడి, లారీల కిందనుంచి పోయి పోయి, కూడలిలో ఎర్రలైటు పడితే ఆగింది."

"ఆగిందా!"

"పద్ధతిగల బండి మరి. పోలీసాయన వంగి చూసి, డ్రైవరేడీ అన్నాడు. మేడమీద టీ తాగుతున్నారండీ అని వైపరెత్తి చూపించింది. ఆయన నా పేరు విని సెల్యూట్ కొట్టి పంపించాడు. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి, మెట్లెక్కి, తలుపు తోసుకుని వచ్చి, ఆఖరి మలుపులో గాడిలోకి, ఇదిగో, ఇలాగ..."

మామ చెయ్యి గాల్లో వంపు తిరిగింది. చేతిలో కత్తీ తిరిగింది. సర్రుమంది.

డ్రైవరు అద్దంలోకి చూసుకున్నాడు. పెళ్ళికి ముందునుంచీ దువ్వి పెంచుకున్న మీసం, ఎడమవైపుది, గుడ్డ మీద పడి ఉంది. బెంచీ మీద కాళ్ళు ఊగడం ఆగిపోయింది.

"మామా," అన్నాడు డ్రైవరు మెల్లగా, "బండిని ఊరంతా తిప్పి గాడిలో పెట్టావు. బెత్తెడు మూతి మీద కత్తి తిప్పలేకపోయావా?"

టైలరు నవ్వు ఆపుకోలేక బెంచీ మీంచి జారి కూలబడ్డాడు. మామ రెండోవైపు కూడా తీసేశాడు.

డ్రైవరు బోడిమూతితో ఇంటికెళ్ళి గది తలుపేసుకున్నాడు. చేపల గాలానికి కట్టే సీసం గుండుని సుత్తితో సాగ్గొట్టి కారు కింద అంటించాడు. టైర్లు అరగదీశాడు, స్క్రూలు వదులు చేశాడు. సాయంత్రం ఎర్ర కారు మలుపుమలుపుకీ తోక కాస్త విసిరిందే గానీ గాడి వదల్లేదు. స్క్రూలన్నీ బిర్రుగా బిగించుకొచ్చిన టైలరు కారు మాత్రం మలుపుకోసారి ఎగిరిపడి బల్లకింద వెతికించుకుంది.

"మీసంతోపాటు సిగ్గు కూడా తీసేయించుకున్నట్టున్నావు, సొంత బావమరిదినే ఓడించావు!" అని టైలరు మూతి ముడిచాడు. డ్రైవరు మనసులో ముల్లు ఊడిపోయింది.

కింద సెలూన్‌లో అందరూ చేరేసరికి మామ అప్పుడే గొంతు సవరించుకుని ఉన్నాడు. "మీకు తెలీదు గానీ, ఆ మీసం నేను కావాలనే తీశా. మూతిమీద బరువుంటే మీట దగ్గర మనిషి ముందుకి ఒరుగుతాడు, చూపు తప్పుతుంది. ఇవాళ గెలిచింది కారు కాదు, నా కత్తి!"

విన్నవాళ్ళలో ఒకరిద్దరు తలలు కూడా ఊపారు.

డ్రైవరు కుర్చీ దులిపి, గుడ్డ విదిలించి, బ్రష్ నీళ్ళలో ముంచాడు.

"వచ్చే ఆదివారం పోటీకి నువ్వూ దిగుతున్నావుగా మామా. రా, కూర్చో. కత్తి నేను పడతా."

మామ చెయ్యి గబుక్కున తన మీసం మీదికి పోయింది. అందరూ ఇళ్ళకి వెళ్ళేదాకా ఆ చెయ్యి దించనూ లేదు, నోరు విప్పనూ లేదు.