మీ తాతకు పట్నం రాత్రి సూపెట్టిన ముచ్చట

“అమ్మమ్మా, పట్నంల రాత్రిపూట తిరిగినప్పుడు నీకు భయం గాలేదా?”

ఎందుకు గాలే బిడ్డా, మస్తయింది. గాని నీ భయం వేరు, నా భయం వేరు. నువ్వు రేపటి సంది పట్నంల రాత్రి డ్యూటీ జేస్తవు, పోకిరోళ్లకు భయపడ్తవు, నాయమే. నాకు గా రంది లేకుండె. నా చేతిల మీ తాత అంగి కొస ఉండె. అది ఇడిసిపెడితె మనిషి ఏ లారి కిందికి పోతడో అని నా భయం. ఏందీ, ఫోన్ల నా మాటలు పడ్తున్నయా? పడనీయ్. ఆగు, డాబా మీద మిరపకాయలు ఎండేసిన, మబ్బు గిట్ల పట్టిందేమో ఒక్కపారి సూసొస్త.

లేదు, ఎండనే కొడ్తంది. ఏడిదాంక జెప్పిన? ఆఁ, ఇంక షురువే జెయ్యలే.

మీ తాత కెమెరా భుజానికేసుకొని ఊర్లు తిరిగి ఫొటోలు తీసేటోడని నీకు ఎర్కే. మాకు స్టూడియో లేకుండె, కేసముద్రంల ఒక్క అర్రల కిరాయికుంటిమి. పొద్దుగాల మొదటి బస్సుకు పోవుడు. ఒకనాడు గూడూరు, ఒకనాడు మానుకోట, జాతర్లప్పుడు చిట్యాల, భూపాలపల్లి దాంక. తండాలల్ల మస్తు గిరాకి ఉండె. వాళ్ల భాషల నాలుగు మాటలు నేర్సుకున్నడు, నవ్వున్రి అనేటందుకు, సక్కగ నిలవడున్రి అనేటందుకు. ఫొటోకు రెండ్రూపాలు... గాదు గాదు, రెండ్రూపాలు మా పెండ్లి గాక ముందు. నేనొచ్చినంక ఐదు. గా ఐదు ఇచ్చేటందుకు ఇంటిల్లిపాది ఒక్క ఫొటోల ఇరుక్కునేటోళ్లు, మ్యాకపిల్లను సుత పట్టుకొచ్చేటోళ్లు.

పెండ్లయిన కొత్తల సంగతి జెప్త, నవ్వకు. మీ తాత పొద్దూకకముందే ఇంటికొచ్చేటోడు. ఏ ఊర్లున్నా సరే, ఎంత గిరాకున్నా సరే, దీపాలు వెట్టేయాల్లకు ఇంట్ల ఉండేటోడు. అమ్మలక్కలు నవ్వేటోళ్లు, కొత్త పెండ్లాం మీద ఎంత పాయిరమే అని. నేను సుత గట్లనే అనుకున్న. మురిసిన! నెల తిరక్కముందే ఒకనాడు రాత్రి కరెంటు లేదు, దూపైతందని లేసి నీళ్ల గోలెం మీద పడ్డడు. మూతి పలిగింది. నేను దీపం పట్టుకొచ్చి సూస్తె, మనిషి నా దిక్కు గాదు, గోడ దిక్కు సూసుకుంట నాతోని మాట్లాడ్తండు. రేచీకటి. పుట్టినప్పటి సంది ఉన్నదట. మా అత్త పెండ్లిసూపులు మిట్టమధ్యాన్నం ఎందుకు వెట్టిందో నాకు గప్పుడు సమజయింది. కోపం రాలేదనుకుంటున్నవా? రెండు దినాలు ఆ మనిషితోని మాట్లాడలే. పాయిరం లేదు గీయిరం లేదు, కండ్లు కనవడక ఇంటికొచ్చుడు!

ఆఖరికి ఆయననే వచ్చి పక్కన కూసున్నడు. “ఎవ్వలకు జెప్పకే, ఎర్కైతె ఒక్క పెండ్లికి సుత నన్ను పిలువరు” అన్నడు. నిజమే గదా. పెండ్లిళ్లు, బారాతులు శానమటుకు రాత్రిపూటనే ఉండె. అప్పటిదాంక ఏదో ఒకటి జెప్పి తప్పిచ్చుకునేటోడు, ఫ్లాషు ఖరాబైందని, జరమొచ్చిందని. ఇగ నేను ఎంబడి పోవుడు షురూ జేసిన. పక్కపొంటి నడుసుకుంట అంగి కొస గుంజేది. ఒక్కపారి గుంజితె మెట్టున్నట్టు, గట్టిగ గుంజితె ఆగుమన్నట్టు. సూసినోళ్లేమో, ఈమెకు మొగని మీద అనుమానం, ఒక్కని ఇడ్వది అనేటోళ్లు. అననీ. అనుమానమైతె అనుమానమే, గిరాకైతె పోలే.

మీ అమ్మ బడికి పోవట్టినంక, జనగామల కండ్ల క్యాంపు వెట్టిండ్రంటె తోల్కపోయిన. డాక్టరు లైటేసి సూసిండు. కంటి లోపటి పొర ఎండుకుంట వస్తంది, దీనికి మందు లేదమ్మా, మెల్లమెల్లగ పగటి సూపు సుత పోతదన్నడు. ఎన్నేండ్లకు సారూ అంటె, జెప్పలేమన్నడు. మంచిగనే జెప్పిండు పాపం, ఆయనేం జేస్తడు. బస్టాండుల కూసొని నేను ఏడుస్తున్న. మీ తాత ఏడ్వలే, కాలూపుకుంట కూసున్నడు. ఆయన కాలూపవట్టిండంటె నెత్తిల ఏదో తిరుగుతున్నట్టు. గప్పుడన్నడు, “నేను రాత్రిని ఎన్నడు సూడలేదే.”

ఏమంటున్నడో నాకు ఒకపట్టాన సమజ్ గాలే. “మీరంత రాత్రి రాత్రి అంటరు. నాకు రాత్రంటె మూసిన తలుపే. పట్నంల రాత్రంత లైట్లే ఉంటయట. ఆడైతె నాకు కనవడొచ్చు. కండ్లు పోకముందు ఒక్కపారి సూడాలె, ఫొటో తియ్యాలె.” ఇగ గంతే. పట్టిండంటె ఇడిసే మనిషి గాదు. తాను నిద్రవోడు, నన్ను పోనియ్యడు. ఎప్పుడు పోదామే, ఎప్పుడు పోదామే అని ఒక్కటే గాయి. పత్తి ఏరే దినాలు, నాకు కూలి ఉన్నదయ్యా అంటె ఇంటడా? మీ అమ్మను మా అవ్వ దగ్గర ఇడిసిపెట్టి, కేసముద్రంల ప్యాసింజర్ బండెక్కినం. బండ్ల సుత కూసోలే ఆయన, సికింద్రాబాద్ దాంక తలుపు కాడనే నిలవడ్డడు.

పట్నంల మా మేనబావ ఒక కట్టే బిల్డింగుకు కాపలా ఉండె. ఆడ పగలంత పండుకునుడు, పొద్దూకంగనే కెమెరా, మూడుకాళ్ల స్టాండు పట్టుకొని ఎల్లుడు. మొదటి నాడు ట్యాంక్‌బండ్ మీదికి పోయినం. లైటు కింద నిలవడి అటు సూసిండు, ఇటు సూసిండు. నా చెయ్యి ఇడిపిచ్చుకొని ఒక్కడే నడిసిండు! నా పానం నాకాడ లేదు. జర దూరం పోయి ఎనుకకు మర్రి, “నువ్వు నాకు కనవడ్తున్నవే! నీ ముక్కుపుల్ల సుత కనవడ్తంది!” అని ఒర్రిండు. పెండ్లయి గన్నేండ్లకు, ఆరుబయట, రాత్రిపూట నా మొఖం సూసిండు బిడ్డా. అందరు మా దిక్కే సూస్తండ్రు. నాకు సిగ్గయింది, ఏడుపు సుత వచ్చింది. మల్ల మీదికి సూసి, చుక్కలేవే అన్నడు. నేను సూస్తె ఒక్కటి లేదు. మన వాకిట్ల మంచమేసుకుంటె కుప్పలుంటయి, అయి ఆయనకు కనవడయి. కనవడే కాడికొస్తె అయ్యే లేవు. మబ్బు పట్టిందయ్యా అని జెప్పిన.

ఇగ సూడు, ఆ మనిషికి కాళ్లు నిలువలే. కోఠి అంటడు, చార్మినార్ అంటడు, ఈడ ఒక్కటి తీసి పా పా అంటడు. రాత్రి ఫొటో ఊకె వచ్చేది గాదు. కెమెరాకు ఒక పొడుగు తీగ ఉంటది, దాని కొస ఒత్తి పట్టుకున్నంత సేపు కెమెరా కన్ను తెరిచే ఉంటది, ఇడిస్తె మూసుకుంటది. గంతసేపు తెరుస్తె, మనకు కనవడనియ్యి సుత దానికి కనవడ్తయి. “నా కండ్ల కన్న గిదే నయమే” అనేటోడు. మొదటి రీలు కడిగిచ్చి సూస్తె కోఠిల మనుషులే లేరు! లైట్లున్నయి, దుకాణాలున్నయి, సడక్ బోసిగున్నది. గంత మంది ఏడవోయిండ్రయ్యా అన్న. “నిలవడ్డోళ్లే వస్తరు, నడిసేటోళ్లు రారు” అన్నడు. ఒక్క ముసలాయన వచ్చిండు, మూసిన దుకాణం మెట్టు మీద కూసున్నోడు. ఇంకొకామె వచ్చింది, సడక్ ఊడ్సే ఆమె. ఫొటో తీసేనాడు ఆమె మాటను బట్టి ఎర్కవట్టి మీదే ఊరక్కా అంటె, జనగామ దిక్కే అన్నది. ఫొటోకు నిలవడమంటె, “నేను నిలవడితె గీ సడక్ మీ అత్త ఊడుస్తదా” అని గయ్యిమన్నది గాని, చీపురు పట్టుకొని సక్కగనే నిలవడ్డది. నేనైతె ఎన్నడు ఫొటోల రానయ్యా, నాకు ఒక్కకాడ నిలవడుడు ఏడ శాతనైతది అని మీ తాతతోని అన్న, ఇద్దరం నవ్వినం.

ఒకనాడు పోలీసాయన వచ్చిండు. ఏం జేస్తున్నవ్, ఈమె ఎవ్వలు అని గద్దిచ్చిండు. ఆయన నిలవడ్డది చీకట్ల. మీ తాత ఆయన మొఖం దిక్కు గాదు, భుజం పక్కకు సూసుకుంట జవాబు జెప్తండు. తాగిండనుకున్నడు పోలీసాయన, కట్టె లేపిండు. నేను నడుమ దూరి, “సారూ, జర లైటు కిందికి రాండ్రి, మీ ఫొటో తీస్తడు” అన్న. మీసం దువ్వుకొని వచ్చి నిలవడ్డడు. మొగోళ్లు గంతే బిడ్డా.

ఇగ ఆఖరి నాడు. తెల్లారితె మా బండి. రీలుల ఇంక కొన్ని మిగిలినయని ఒక పెద్ద చౌరస్తకు పోయినం. సడక్ నడుమ దిమ్మె ఉంటది సూడు, దాని మీద స్టాండు వెట్టిండు, రెండు దిక్కుల పోయే బండ్ల లైట్లు రావాల్నట. తీగ కొస చేతిల పట్టుకొని, గొంతెండుతంది ఛాయ తేవే అన్నడు. ఎదురుంగనే ఛాయ బండి. లైట్లు పట్టపగలోలె ఉన్నయి, ఏమైతది అని నేను దాటి పోయిన. గిలాసలు చేతికి తీసుకున్ననో లేదో, టప్పున కరెంటు పోయింది. చౌరస్త, దుకాణాలు, గల్లీలు, మొత్తం చీకటి.

బండ్లు ఆగుతయా? లైట్లేసుకొని ఉరుకుతనే ఉన్నయి. ఆ లైట్లు కండ్లల్ల కొడ్తె ఆయనకు ఇంకింత కనవడది. నేను ఏమయ్యా, ఏమయ్యా అని ఒర్రుతున్న. పక్కపొంటి వోయే మొగోళ్లు మర్రి సూసిండ్రు గాని ఆయన మర్రలే. ఏమయ్యా అంటె ఎవ్వలనుకుంటరు, అందరు ఏమయ్యలే గదా. ఒక బండి లైటు వడ్డప్పుడు సూస్తె, దిమ్మె అంచుకు వచ్చిండు. నన్ను ఎతుక్కుంట ఒక్క కాలు కిందికి వెడ్తండు. లారి వస్తంది.

మా కాలంల మొగని పేరు నోట్లకు తియ్యకపోదుము. రేషన్ కార్డు రాపిచ్చేటప్పుడు సుత పక్కింటామెతోని జెప్పిచ్చిన. ఆనాడు ఆ పేరు నా నోట్లకెల్లి గట్ల ఎల్లింది, సగం పట్నానికి ఇనవడ్డది. ఏం పేరో నీకు ఎర్కే, గిప్పుడు నాతోని అనిపియ్యకు. “కదల్కురా!” అన్న. రా అని సుత అన్న! ఆ కాలు ఆడనే ఆగింది. లారి ఆయన అంగి ఊపుకుంట పోయింది.

ఛాయాయన చేతిల బ్యాటరిలైటు గుంజుకొని, ఆయన దిక్కు పట్టుకొని ఉరికిన. నడుమ ఆగుడు, ఎనుకకు జరుగుడు, మల్ల ఉరుకుడు. పోయి చెయ్యి పట్టుకుంటె, పిడికిలి బిగిసి ఉన్నది. తీగ కొస అందులనే ఉన్నది, కరెంటు పోంగనే భయానికి ఒత్తిండట, ఇగ ఇడ్వనే లేదు. నేను పట్టుకున్నంక ఇడిసిండు. ఇద్దరం ఆ దిమ్మె మీదనే కూలవడ్డం. “నన్ను పేరు వెట్టి పిలిచినవ్” అన్నడు. సచ్చేటోనివి, పేరు మీద వడ్డవా అన్న. నవ్వుతండు, వణుకుతండు, రెండు ఒక్కపారే.

ఆ రీలు హన్మకొండల కడిగిచ్చినం. కడిగినాయన, గిదొక్కటి ఖరాబైంది, పారెయ్యున్రి అన్నడు. అంత నలుపు. అడ్డంగ బండ్ల లైట్ల గీతలు. వాటి నడుమకెల్లి ఒక్క సన్న గీత, వంకరటింకరగ, మా దిక్కు వస్తంది. నేను ఆగిన కాడల్ల లావుగ ముద్దగట్టింది. మీ తాత కండ్లకు ఆనిచ్చుకొని శానసేపు సూసిండు. “గిది నువ్వే” అన్నడు. మిగిలిన ఫొటోలు క్యాలెండర్లోళ్లు తీసుకపోయిండ్రు, ఆ ఒక్కటి ఎవ్వలికియ్యలే.

మల్ల డాక్టరు జెప్పినట్టే అయింది. సూపు పక్కలకెల్లి మూసుకుంట వచ్చింది. ఇగ కెమెరా నా మెడల వడ్డది. నేను తీస్తుంటె ఆయన పక్కకు నిలవడి జనాన్ని నవ్విపిచ్చేటోడు. మీ అమ్మ పెండ్లి ఫొటోలు నేనే తీసిన, మీ నాయిన తలకాయ కొన్నిట్ల తెగింది, ఏం జేస్తం. ఆయన పోయేదాంక గట్లనే నడిసింది.

ఒక్క రాత్రి మాత్రం నేను మర్వలే. నిద్రల లేసి, ఏమే, లైటెయ్యి అన్నడు. లైటు ఏసే ఉన్నది బిడ్డా. నెత్తి మీద కరెంటు బుగ్గ ఎలుగుతనే ఉన్నది. కరెంటు పోయిందయ్యా అన్న. చెయ్యి మీదికి సాపిండు. “ఫ్యాను తిరుగుతంది గదనే” అన్నడు.

నాకు ఏడుపు ఆగలే. ఆయననే నా ఈపు నిమిరిండు. “పోనియ్యే. నేను రాత్రిని సూసిన గదా” అన్నడు. “సూడకుంట పోతె గప్పుడు ఏడువు.”

పో బిడ్డా, పోయి మంచిగ డ్యూటీ జేసుకో. నీ కండ్లు సల్లగుండాలె, నీ కాళ్లు సల్లగుండాలె. ఇగ ఆ ఫోన్ బంద్ జెయ్యి... బంద్ జెయ్యరాదు...