చుక్కలు కనపడే పందిరి

బద్రా అని ఒకామె ఉండేదంట, యెమెను దేశంలో. యూదులామె. మొగుడు యహ్యాది వెండిపని. ఈ కథ నాకు కువైట్లో ఒక ముసలామె చెప్పింది, ఆమె సాయిబులామే. ఆ దేశాన్ని ఏలేది ఇమాము. యూదులు వాళ్ల పూజ వాళ్లు చేసుకోవచ్చు, కానీ వాళ్ల ఇల్లు పక్క సాయిబుల ఇంటికంటే బెత్తెడు కూడా లేవకూడదు. లేస్తే పైగది కూలగొట్టేస్తారు. బద్రా వాళ్ల పైగది సరిగ్గా పక్కింటి హమూద్ మిద్దెకి సమానం అనుకో. ఆ గదిలో కూతురు, పదిరోజుల బాలింత.

ఏమైందంటే, వాళ్లకొక పండగ. పెద్దోళ్లు ఎడారిలో గుడిసెల్లో బతికినారని, ఏడురోజులు పందిరి కింద తింటారంట. ఏటా వాకిట్లో వేసేవాళ్లు. ఈసారి బాలింత మెట్లు దిగలేదని గది ముందర మిద్దెమీదే వేసినారు. అది గదికంటే ఎత్తు లేచింది. తల్లికి బిడ్డే గుర్తుంటాది, చట్టం గుర్తుంటాదా? హమూద్ చూసి, "ఏం యహ్యా, మా నెత్తికెక్కినారే!" అని పోయి తీర్పు చెప్పే ఖాజీని తోడుకొచ్చినాడు. వెనక గడ్డపారలతో నలుగురు. బద్రా మెట్లకి అడ్డం నిలబడి, అయ్యా, ఇల్లంటే ఏందో చెప్పండి అనింది. ఎండావానా ఆపేది అన్నాడు ఖాజీ. "ఇది ఆపదయ్యా. ఆపితే మా పండగే చెల్లదు. రాత్రి లోపల కూచుంటే ఆకాశంలో చుక్కలు కనపడాల, అదీ మా శాస్త్రం." "అబద్ధం! కింద చాప కప్పుంటారు" అని హమూద్ తానే పందిట్లో దూరి పైకి చూస్తా నిలబడినాడు. ఖాజీ ఊరుకున్నాడా, కడవ నీళ్లు తెప్పించి పైనించి పోయించినాడు. తలపాగా, గడ్డం, అంతా నీళ్లే. గడ్డపారల వాళ్లే ముందు నవ్వినారంట.

"ఆగినాయా హమూదూ?"

"ఆగలేదు సామీ."

"మరి ఇల్లెట్లయితాదిరా?" అని ఖాజీ మెట్లు దిగిపోయినాడు.

ఆ సందడికి గదిలో బిడ్డ లేచి ఏడ్చింది. హమూద్ తలపాగా పిండుకుంటా, "బిడ్డెవరు?" అన్నాడంట.

"మనవరాలన్నా" అనింది బద్రా.

"చెప్పలేదే!"

"చెబితే చూసేదానికి వచ్చుందువా?"

సాయంత్రానికి హమూద్ ఇంటామె గిన్నెడు తేనె తెచ్చి బాలింత పక్కన కూచునింది.

చట్టం పోయిందా అంటారేమో. పోలేదు. ఆ ఇమాము పోయి ఇంకో ఇమాము వచ్చినా పోలేదంట. ఒక గది నిలబడింది, అంతే. బిడ్డల్ని కన్నదాన్ని, ఒక గది చిన్న సంగతని నేననను.