మరలు బిగించిన కిటికీలు

(నార్వేలోని బెర్గెన్‌లో ఒక ఆసుపత్రి, మూడో అంతస్తు కారిడార్. నర్సు సున్నీవా, రోగుల దగ్గరికి కుక్కను తీసుకొచ్చే టోర్గెయిర్.)

"మళ్ళీ అక్కడే కూర్చుంది చూడు. టాస్సెన్! ఇటు రా. రా అంటున్నానా!"

"ఉండనివ్వండి టోర్గెయిర్. కాసేపు కూర్చుని అదే వస్తుంది."

"అదే రాదు సున్నీవా. పోయిన గురువారం మెడపట్టీ పట్టుకుని లాక్కెళ్ళాల్సొచ్చింది. ఖాళీ కుర్చీ ముందు కూర్చుని తోక ఊపడమేంటి? మా ఆవిడ పోయాక కొన్నాళ్ళు ఇక్కడికి రావడం మానేసి మళ్ళీ మొదలెట్టామా, అప్పట్నుంచీ ఇదే వరస. ముసలిదైపోయింది. మతి పోతోంది."

"మతేం పోలేదు. ఇందాక ఐదో గదిలో చూశారుగా? మంచం మీద ఉతికిన దుప్పటి పరిచేదాకా ఎంత బుద్ధిగా ఆగిందో! ఆ పెద్దాయన మాతో ఒక్క ముక్క మాట్లాడడు. దీనికి మాత్రం తన పడవ సంగతంతా చెప్పాడు."

"అది సరే. ఈ కారిడార్‌లోకి రాగానే ఏమవుతోంది దీనికి?"

"పదండి, లోపల వాఫెల్స్ వేడివేడిగా ఉన్నాయి. మా వాళ్ళంతా దీనికోసం నేలమీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. రాత్రి డ్యూటీ చేసినామె కూడా ఇంటికెళ్ళలేదు పాపం."

"మాట మార్చకు."

"మార్చట్లేదు."

"మారుస్తున్నావు. సరే, చెప్పేస్తున్నా విను. ఇవాళే ఆఖరు. దీనికి మీరు తొడిగిన పచ్చకోటు విప్పి మీ ఆఫీసులో ఇచ్చేద్దామనే వచ్చాను. మాట వినని కుక్కని రోగుల దగ్గరికి తీసుకురాకూడదు."

"అయ్యో, వద్దు! వద్దు టోర్గెయిర్. దీని తప్పేం లేదు."

"మరెవరిది?"

"మాది."

"మీదా?"

"నవ్వనంటే చెప్తాను."

"నాకిప్పుడు నవ్వొచ్చేలా ఉందా? చెప్పు."

"ఎవరైనా పోతే మేం కిటికీ తెరుస్తాం కదా..."

"అది తెలియనిదెవరికి? ప్రాణం బయటికి పోవాలని. మా అమ్మ పోయినప్పుడు అంత చలిలోనూ మా నాన్న బార్లా తెరిచాడు."

"ఈ అంతస్తులో కిటికీలు తెరుచుకోవు. వేసవిలో కొత్త గాలి మిషన్లు పెట్టారు. అప్పుడే అన్నిటికీ మరలు బిగించేశారు."

"అయితే?"

"అయితే ఊరికే ఉండలేం కదా! మనసొప్పదు. ఏదో ఒకటి తెరవాలి. అందుకని... గది తలుపు తెరుస్తున్నాం."

"తలుపా? తలుపు తెరిస్తే వచ్చేది..."

"ఇక్కడికే. ఈ కారిడార్‌లోకే. అప్పుడు తోచలేదు. ఇప్పుడేమో నాకీ దారిన ఒక్కదాన్నే నడవాలంటే భయం. మీ టాస్సెన్ ఆగిన చోటల్లా తలొంచుతుంది, ఎవరో నిమురుతున్నట్టు. అందుకే లాక్కెళ్ళొద్దంటాను."

"ఉండు. ఉండు సున్నీవా. వేసవిలోనా బిగించింది?"

"అవును."

"మా ఆవిడ బోర్గిల్ పోయింది సెప్టెంబరులో."

"వాఫెల్స్ చల్లారిపోతాయి, పదండి."

"వాఫెల్స్ సంగతి వదిలెయ్! ఆవేళ నేను కింద ఉన్నాను. కుక్కని కాస్త తిప్పుకురా అని ఆవిడే పంపింది. నేను పోనన్నాను. పో, పో అంది. వానలో నించుని ఆవిడ కిటికీ వంకే చూస్తున్నాను. తెరుచుకోలేదు. తెరుచుకోలేదంటే ఉందనేగా! ఉందిలే, ఇంకో చుట్టు తిరుగుదాం అనుకున్నాను. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. పైకొచ్చేసరికి ఆవిడ చెయ్యి చల్లబడిపోయింది."

"నాకు తెలీదు. మీరు కింద నించుని కిటికీ చూస్తున్నారని నాకేం తెలుసు? ఫోన్ చేశాను. ఆమె పక్కన బల్లమీదే మోగింది మీ ఫోన్."

"తలుపు నువ్వే తీశావా?"

"నేనే. బార్లా తీశాను."

"ఈ చివరి గది. ఈ కుర్చీ పక్కది."

"అవును."

"చూడు దాన్ని. ఎడమ చెవి ఎలా ఎత్తిపెట్టిందో చూడు. ఆ చెవి వెనక నన్ను కూడా ముట్టుకోనివ్వదు. ఆవిడొక్కతే గోకాలి."

"ఏడవకండి. సోమవారం పనివాళ్ళు వస్తున్నారు. మేమంతా గోల పెడితే మరలు ఊడదీయడానికి ఒప్పుకున్నారు. ఈ గదితోనే మొదలెట్టమంటాను. కిటికీ తెరిచేస్తే ఆమె వెళ్ళిపోతుంది."

"సోమవారం వద్దు."

"ఎందుకు?"

"గురువారం పెట్టుకోమను. మేం వచ్చే రోజు."

"అయితే పచ్చకోటు ఇచ్చెయ్యరుగా?"

"కోటు ఉండనీ. నేను వచ్చేదాకా కిటికీ ముట్టుకోనివ్వకు. ఆవిడ పో, పో అన్నా సరే, ఈసారి నేను కిందికి వెళ్ళను."