ఎల్లప్ప వాకిట్లో గురవమ్మ పెట్టిన సంగటికుండ

గురవమ్మ పేరు నీకెవరు చెప్పినారు పాపా? మీ అమ్మా? అయితే సగమే చెప్పుంటాది. కూర్చో. గురవమ్మంటే నాకు మేనత్త. మాది వడమాలపేట పక్కన పల్లె, నలభై పూరి కొట్టాలు. నలభైమూడో సంవత్సరమనుకుంటా, యుద్ధం రోజులు. ఎండాకాలం, మిట్టమధ్యాన్నం సుడిగాలి లేసింది. ఎంతసేపనుకున్నావు? వక్కాకు నమిలేంత సేపు. అంతే, ఒక్క కొట్టానికీ కప్పు లేదు. మా ఎద్దులబండిని తీసుకుపోయి పక్కోళ్ళ చేన్లో తలకిందులుగా పెట్టింది. నిజమే, నవ్వొద్దు. గురవమ్మత్త ఇంటి దూలం కూలి కూతురు పోయింది. భారతమ్మ, తొమ్మిదేండ్ల బిడ్డ. మొగుడు అంతకుముందే పోయినాడు.

మొదటి వారం జనాన్ని చూడాల నువ్వు. తిరుపతి నుంచి గుడ్డల మూటలు, పుత్తూరు నుంచి బానల్లో పులిహోర, మెడ్రాసు నుంచి పేపరాయన. నన్ను కూలిన గోడకాడ నిలబెట్టి 'కొంచెం ఏడువబ్బా' అన్నాడు ఫోటోకి. యాడ వస్తాది ఏడుపు? అప్పుడే కడుపునిండా పులిహోర తినుంటి. ఇంకొక సర్కారు సారు వచ్చి అంతా పుస్తకంలో రాసుకొని, 'ఏదీ కదిలించొద్దు, పైవాళ్ళు వచ్చి చూసినాక కప్పులకు ఇనుపరేకులిస్తారు' అన్నాడు. రెండో వారానికి వచ్చే బండ్లు సగమైనాయి. నాలుగో వారానికి రోడ్డుమీద మా కుక్కలే. మేము మాత్రం ఏదీ కదిలించలా. కదిలిస్తే రేకులు రావని భయం. విరిగిన వాసం విరిగినట్టే, పడిన గోడ పడినట్టే. దానికి కాపలా కూడా పెట్టుకున్నామంటే చూసుకో. ఊరి పెద్ద పరంధామయ్య రోజూ అదే మాట, 'ఓపిక పట్టండబ్బా, చూసేదానికి దొర వస్తాడు' అని. చింతచెట్ల కింద సంసారాలు. బిడ్డను చంపిన ఆ దూలాన్ని తీసేస్తానని గురవమ్మత్త అంటే, మేమే, నేను కూడా, 'అదే పెద్ద సాక్ష్యం అత్తా, ఉండనీ' అన్నాము. ఆ మాట తలుచుకుంటే... సరే పో.

అంతలో మొదటి వాన పడింది. ముసిలి ఎల్లప్ప తెల్లవార్లూ తడిసి ఒకటే దగ్గు. పొద్దున్నే గురవమ్మత్త ఏం చేసిందో తెలుసా? మా వైపు పల్లెల్లో కొట్టం కప్పేదానికి కూలి లేదు పాపా. ఇంటోళ్ళు పొయ్యిమీద సంగటికుండ పెట్టి కేకేస్తే ఇంటికొక మనిషి పోవల్ల. కేక విని పోనోడి కప్పుకి రేపు ఊరు రాదు. గురవమ్మత్త ఎల్లప్ప వాకిట్లో కుండ పెట్టి, కొంగు నడుముకు చెక్కుకొని, 'ఎల్లప్ప కొట్టం కప్పుతా ఉండాము, రాండబ్బా' అని కేకేసింది. ఎవరూ లేయలా. పరంధామయ్య వచ్చి, 'ఊరి రేకులన్నీ పోగొడతావా గురవమ్మా? నీ ఇల్లు కూడా కాదు గదా' అన్నాడు. 'నా ఇంట్లో పడుకునేదానికి ఎవరుండారు మామా? ఈయన దగ్గు నీకు వినపడలేదా?' అనింది. అని పోయి, ఆ దూలానికే కిత్తనార తాడు కట్టి, ఒక్కతే ఈడ్చుకుంటా ఎల్లప్ప గోడ దాకా తెచ్చింది. మేము మగోళ్ళమంతా కూర్చోని చూస్తా ఉండాము. మొదట లేచింది నేనేనని మీ అమ్మకు చెప్పినా గానీ, అబద్ధం. మొదట లేచింది మా ఊరి శాంతయ్య. నేను నాలుగోవాణ్ణి. పరంధామయ్య అందరికన్నా ఆఖరున వచ్చినాడు, కప్పేదానికి చెరుకాకు మోపు నెత్తిన పెట్టుకొని, ఎవరి ముఖమూ చూడకుండా.

ఇంక పొద్దుకొక కుండ. ఒకరింట్లో రాగిపిండి లేకుంటే పక్కోళ్ళు పోసినారు. రెండు నెలల్లో నలభై కొట్టాలూ కప్పినాము పాపా. బయటోడు ఒక్కడు రాలేదు, రేకు ఒక్కటి రాలేదు. ఆ ఏడు పెద్ద వానలకు మా పల్లెలో ఒక్క బిడ్డ తడవలేదు. ఇప్పుడు చెప్తా ఉన్నా రొమ్ము ఇంతవుతాది నాకు.

వానలు వెలిసినాక వచ్చినాడు దొర. టోపీ, చేతిలో పుస్తకం. చుట్టూ చూసి, 'పెద్ద గాలి కొట్టిందని రాసుండాదే, అన్నీ బాగానే ఉండాయి. ఏం జరిగింది ఈడ?' అన్నాడు. పరంధామయ్యకు రేకుల ఆశ చావలేదు, నోరు తెరిచినాడు. గురవమ్మత్త అడ్డమొచ్చి, 'ఏమీ జరగలేదు సామీ. పొద్దెక్కింది, సంగటి తిని పోండి' అనింది. తిన్నాడు, రెండు ముద్దలు, ఊరిబిండి పచ్చడి ఇంకొంచెం వేయించుకొని. తిని, నష్టం లేదని రాసుకొని పోయినాడు.

ఆయన బండి మలుపు తిరిగినాక పరంధామయ్య, 'నీ నోటితో ఆ మాట ఎట్లా అన్నావు గురవమ్మా?' అన్నాడు. 'నా బిడ్డను చూపించి రేకులు అడగమంటావా మామా?' అనింది ఆయమ్మ.

...

నీ బస్సు ఎన్ని గంటలకు పాపా?